ఇటాలియన్‌లో టిఫిన్ సంగతి అడగాలంటే ఇంగ్లీష్ మీదుగా పోనక్కర్లేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను ఇటలీలో పెరూజా అనే ఊళ్ళో ఉంటానండి, వచ్చి ఆరేళ్ళు అయింది, ఇక్కడ ఎనభై దాటిన ఒక పెద్దావిడని ఇంట్లోనే ఉండి చూసుకునే పని నాది, బదాంతె అంటారు ఇక్కడ ఈ పని చేసేవాళ్ళని. మీ పేపర్ ఫోన్లో రోజూ చదువుతాను, పొద్దున్న ఆవిడ లేచేలోపు దొరికే ఇరవై నిమిషాలు దానికే. పోయిన ఆదివారం విదేశాలకి వెళ్ళే పిల్లల కోసం వేసే పేజీలో ఇటాలియన్ మాటలు వేశారు కదా, బ్రేక్‌ఫాస్ట్‌కి ఏం కావాలో ఎలా అడగాలి ఎలా చెప్పాలి అని, హెడ్డింగ్ చూసి ఎంత సంతోషపడ్డానో, మొత్తం చదివాక అంత ఉసూరుమనిపించింది. తప్పులు పడతాయి, అది పెద్ద విషయం కాదు, కానీ ఆ మాటలన్నీ ముందు ఇంగ్లీష్‌లో అనుకుని దాన్ని ఇటాలియన్ చేసి మళ్ళీ తెలుగులో రాసినట్టు ఉన్నాయి, మూడు చేతులు మారేసరికి అసలు సరుకు పోయింది. నేను కూడా మొదట్లో అలానే నేర్చుకున్నాను, దాని వల్ల ఏం జరిగిందో చెప్తాను, కొంచెం పొడుగే అవుతుంది ఓపిగ్గా చదవండి.

పనిలో చేరిన కొత్తలో నాకు వచ్చిన ఇటాలియన్ ఒక యాభై మాటలు. పొద్దున్నే ఆవిడ వంటింట్లోకి రాగానే "కఫ్ఫె, సి?" అని అడిగేదాన్ని, అంటే కాఫీ, ఓకేనా అని. ఆవిడ "సి, గ్రాత్సియె" అనేది, అవును, థాంక్స్ అని. నేను మోకాలో కాఫీ పెట్టి ఇచ్చేదాన్ని. మోకా అంటే తెలీనివాళ్ళకి చెప్తున్నా, 1933 నుంచి ఇటలీలో వాడే ఎనిమిది పలకల అల్యూమినియం కాఫీ పాత్ర, కింద నీళ్ళు మధ్యలో పొడి, ఉడికితే పైకి పొంగుకొస్తుంది, వాసన ఇల్లంతా వస్తుంది. ఆవిడ రెండు గుక్కలు తాగి మిగతాది అలానే వదిలేసేది. నాకేమో నా కాఫీ బాగోలేదేమో అని దిగులు, నీళ్ళు తగ్గించి చూశా, పొడి మార్చి చూశా, మూడు వారాలు ఇదే వరస.

ఒక ఆదివారం వాళ్ళ కూతురు వచ్చింది, వస్తూనే స్టవ్ దగ్గర నిలబడి "మమ్మా, కోసా ప్రెంది?" అంది, అమ్మా ఏం తీసుకుంటావు అని, అంతే, ఆవిడ వెంటనే "లాత్తె ఎ ఓర్జో" అంది. లాత్తె అంటే పాలు, ఓర్జో అంటే బార్లీ, వేయించి పొడి చేసి కాఫీలాగా కలుపుకుంటారు, కెఫీన్ ఉండదు. డాక్టర్ కాఫీ మానేయమని ఎప్పుడో చెప్పాడట, ఓర్జో డబ్బా షెల్ఫ్‌లో వెనకాల ఉంది, నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అంటే మూడు వారాలు ఆ పెద్దావిడ నేను బాధపడతానని సి అనేసి, పడని కాఫీ రెండు గుక్కలు మింగింది. నేను అడిగింది అవునా కాదా అనే ప్రశ్న, మర్యాదస్తులు ఎవరైనా దానికి అవుననే అంటారు కదండి. ఏం తీసుకుంటారు అని ఒక్కసారి అడిగి ఉంటే మొదటి రోజే తెలిసిపోయేది.

మర్నాడు అడిగాను, రాత్రంతా నోట్లో అనుకుని అనుకుని, "సిన్యోరా, కోసా ప్రెందె ఆ కొలత్సియోనె?" అని, అమ్మగారూ బ్రేక్‌ఫాస్ట్‌కి ఏం తీసుకుంటారు అని. ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది, వేడి పాలు, పొంగకూడదు, రెండు చెంచాల ఓర్జో, రెండు ఫెత్తె బిస్కొత్తాతె, అంటే రస్కుల్లాంటి ఎండు రొట్టె ముక్కలు, వాటికి ముందు బుర్రో, బుర్రో అంటే వెన్న, దాని మీద ఆప్రికాట్ మర్మెల్లాతా, అంచుల దాకా రాయాలి. కప్పులో కాదు, పిడి లేని గిన్నెలో కావాలంది, రెండు చేతులతో పట్టుకుంటుంది దాన్ని, చలికాలం చేతులు వెచ్చబడతాయని. ఆ రస్కు ముక్క పాలల్లో ముంచి, మెత్తబడి జారిపోయేలోపు నోట్లో పెట్టుకోవాలి, దానికి వీళ్ళకి ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, ఇన్‌త్సుప్పారె అని. ఆ రోజు గిన్నె అడుగు కనపడేదాకా తాగింది.

అందుకే మీ పేజీలో "వువోయ్ కొలత్సియోనె?" అని చూడగానే ప్రాణం చివుక్కుమంది. అది నువ్వు బ్రేక్‌ఫాస్ట్ కావాలనుకుంటున్నావా అని ఇంగ్లీష్ నుంచి దించింది, పైగా నువ్వు అని. అదీ అవును కాదు ప్రశ్నే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఈ ఒక్క బ్రేక్‌ఫాస్ట్ ప్రశ్న తీసుకుంటే ఇటాలియన్ మన తెలుగుకి ఎంత దగ్గరో చూడండి. ప్రెందె అంటే తీసుకుంటారు. కోసా అంటే ఏమిటి. కోసా ప్రెందె అంటే అచ్చంగా ఏం తీసుకుంటారు. మనం ఇంటికొచ్చినవాళ్ళని ఏం కోరుకుంటున్నారు అని అడగం కదా, ఏం తీసుకుంటారు అనే అడుగుతాం, వీళ్ళూ అంతే. ఇంకోటి, బ్రేక్‌ఫాస్ట్ తినడాన్ని వీళ్ళు ఫారె కొలత్సియోనె అంటారు, ఫారె అంటే చేయడం. "ఆ ఫాత్తో కొలత్సియోనె?" అంటే మాటకి మాట, టిఫిన్ చేశారా? ఇంగ్లీష్‌లో అనుకున్నవాడు ఇక్కడ హావ్ అనే మాటకి ఇటాలియన్ వెతుక్కుంటూ కూర్చుంటాడు, మనకి ఆ బాధే లేదు, టిఫిన్ చేయడం పుట్టినప్పటి నుంచి మన నోట్లో ఉన్న మాట.

అన్నిటికంటే ముఖ్యమైనది పియాచె. ఇది ఇంగ్లీష్ మీదుగా వచ్చినవాళ్ళందరికీ అడ్డం పడే చోటు, మా క్లాసులో నేను కళ్ళారా చూశాను. ఇక్కడ పెద్దవాళ్ళ కోసం గవర్నమెంట్ నడిపే స్కూళ్ళుంటాయి, చీపియా అంటారు, సాయంత్రాలు వెళ్ళాను నేను, ఇక్కడ ఎక్కువ కాలం ఉండే పర్మిట్‌కి ఏ2 లెవెల్, అంటే రోజువారీ మామూలు మాటలకి సరిపడేంత, ఇటాలియన్ రావాలని రూల్ ఉంది కాబట్టి. మొదటి నెలలోనే టీచర్ అందరినీ వరసగా అడిగింది, "కోసా మాంజి ది సోలితో ఆ కొలత్సియోనె?", మామూలుగా పొద్దున్న ఏం తింటావు అని. ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్ళు ఐ లైక్ కాఫీ అని మనసులో అనుకుని "యో పియాచ్చో కఫ్ఫె" అంటున్నారు. యో పియాచ్చో అంటే నేను నచ్చుతాను అని అర్థం, కాఫీ నచ్చుతుందని కాదు. సరైనది "మి పియాచె ఇల్ కఫ్ఫె". మి అంటే నాకు, పియాచె అంటే నచ్చుతుంది. నాకు కాఫీ నచ్చుతుంది. అయిపోయింది! బిస్కెట్లు ఎక్కువ ఉంటే "మి పియాచ్చొనో ఇ బిస్కొత్తి", నాకు బిస్కెట్లు నచ్చుతాయి. నచ్చుతుంది నచ్చుతాయి, పియాచె పియాచ్చొనో, మనం వస్తువుని బట్టి మార్చినట్టే వీళ్ళూ మారుస్తారు. మీకు నచ్చుతుందా అంటే "లె పియాచె?", నీకు అంటే "తి పియాచె?", రెండింటికీ మన నాకు నీకు మీకు లెక్కే. నాకు ఇది తట్టింది క్లాసులో కాదు, మా సిన్యోరా దగ్గరే, ఒకరోజు నేను బిస్కెట్ల ప్లేటు పెట్టి "లె పియాచె ఇ బిస్కొత్తి?" అంటే ఆవిడ చెంచాతో టేబుల్ మీద మెల్లగా కొడుతూ "పియాచ్‌, చొ, నో" అంది, మూడు దెబ్బలు. అప్పుడు నాలో నేను తెలుగులో అనుకున్నా, బిస్కెట్లు నచ్చుతుందా అంటామా, నచ్చుతాయా అంటాం కదా అని, ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ తప్పు పోలేదు.

రాసే పద్ధతి కూడా చెప్పాలి. మీరు లాటే అని వేశారు, కపుచినో అని వేశారు. వీళ్ళకి ట లేదండి, త ఉంది, పళ్ళకి నాలుక తగిలించి పలికే మన త. అది లాత్తె. కప్పుచ్చీనో. ఒత్తులు అలంకారానికి పెట్టినవి కాదు, ఒత్తు పోతే మాటే మారిపోతుంది, నోనో అంటే తొమ్మిదోది, నోన్నో అంటే తాతయ్య. ఇంగ్లీష్ వాళ్ళకి ఈ ఒత్తులు పలకడం కష్టం, మనకి ఒత్తులు లేకపోతే భాషే లేదు. కొలత్సియోనెలో త్స అని రాశానే, అది మనం చాప, చలి అన్నప్పుడు పలికే చ. మన లిపిలో ఇంత చక్కగా కుదిరే భాషని తీసుకెళ్ళి ఇంగ్లీష్ స్పెల్లింగ్ చూసి లాటే అని రాస్తే ఎలా.

పైగా దాని వల్ల నష్టం కూడా ఉంది. మొన్న సెప్టెంబర్లో మన పిల్లాడు ఒకడు ఇక్కడ యూనివర్సిటీలో చేరడానికి వచ్చాడు, తెలిసినవాళ్ళ ద్వారా నాకు ఫోన్ చేస్తే స్టేషన్‌కి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి అక్కడ బార్లో, ఇక్కడ బార్ అంటే కాఫీ కొట్టే, కంగారు పడకండి, కౌంటర్ ముందు నిలబడి ఉన్నాడు, ముందు ఒక గ్లాసుడు చల్లటి పాలు. లాటే అడిగాడంట. లాత్తె అంటే పాలు, వాళ్ళు పాలే ఇచ్చారు, ఫ్రెద్దో ఓ కాల్దో అని కూడా అడిగారంట, చల్లగానా వేడిగానా అని, పాపం వాడికి అర్థం కాక తలూపాడు. రాత్రంతా ప్రయాణం చేసొచ్చి వేడిగా ఏదన్నా పడితే బాగుండు అనుకున్న పిల్లాడు ఆ చల్లటి పాలు తాగుతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాడికి కావాల్సింది కప్పుచ్చీనో, లేకపోతే లాత్తె మక్క్యాతో, అంటే వేడి పాలల్లో కొంచెం కాఫీ. ఉత్తి కఫ్ఫె అంటే రెండు గుక్కల చిక్కటి ఎస్ప్రెస్సో వస్తుంది, అదీ తెలియాలి.

అడిగేటప్పుడు మీరు వేసిన "వోల్యో కఫ్ఫె" మాత్రం వద్దండి, అది నాకు కాఫీ కావాలంతే అని చిన్నపిల్లలు పేచీ పెట్టినట్టు ఉంటుంది. "వొర్రేయ్ ఉన్ కప్పుచ్చీనో" అంటే మర్యాద, ఒక కప్పుచ్చీనో ఇస్తారా అన్నట్టు. లేదా "ప్రెందో ఉన్ కప్పుచ్చీనో", తీసుకుంటాను, ఇది ఇంకా మామూలుగా అనేది. చాలా చోట్ల ముందు కాస్సా దగ్గర డబ్బులు కట్టి స్కొంత్రీనో, అంటే బిల్లు చీటీ, తీసుకుని అది కౌంటర్ మీద పెట్టి చెప్పాలి. నిలబడి తాగితే, అల్ బాంకో అంటారు, కఫ్ఫె యూరో మీద కొంచెం చిల్లరతో అయిపోతుంది, అల్ తావొలో అంటే టేబుల్ దగ్గర కూర్చుంటే అదే కాఫీకి ఎక్కువ తీసుకుంటారు, టూరిస్టులు తిరిగే చోట అయితే బాగా ఎక్కువ. కప్పుచ్చీనో పొద్దున్న పూట పానీయం, మధ్యాహ్నం భోజనం అయ్యాక అడిగితే ఇస్తారు గానీ వింతగా చూస్తారు.

వాళ్ళు మనల్ని తిరిగి అడిగే ప్రశ్నలు కూడా పిల్లలకి తెలియాలి. ముందు వచ్చేది "దోల్చె ఓ సలాతో?", తీపా ఉప్పా. ఇక్కడ పొద్దున్న పూట దాదాపు అందరూ తీపే తింటారు, కప్పుచ్చీనోతో ఒక కొర్నెత్తో, అంటే నెలవంకలా ఉండే తీపి బన్ను. రోమ్ వైపు, మా వైపు కొర్నెత్తో అంటారు, మిలాన్ వెళ్తే అదే బ్రియోష్ అవుతుంది, మళ్ళీ సిసిలీలో బ్రియోష్ అంటే వేరే, పైన చిన్న బుడిపె ఉన్న మెత్తటి బన్ను, ఎండాకాలం గ్రనీతా అనే ఐస్‌లో ముంచుకుని తింటారు. జెనోవాలో అయితే ఉప్పు నూనె వేసిన ఫొకాచ్చా రొట్టెని కప్పుచ్చీనోలో ముంచుతారు, నేను నమ్మలేదు, అక్కడివాళ్ళు నా ముందే ముంచి తింటే నమ్మాను. కొర్నెత్తో అనగానే "వువోతో ఓ అల్లా క్రేమా?" అని అడుగుతారు, లోపల ఖాళీగానా క్రీమ్‌తోనా అని. కాఫీకి "కోమె లో ప్రెందె?", ఎలా తీసుకుంటారు. చక్కెరకి "కొన్ ఓ సెంత్సా?", వేసా వేయకుండానా. సెంత్సా అనే మాట ఒక్కటి పట్టుకుంటే సగం పని అయిపోతుంది.

మాంసం తిననివాళ్ళకి ఒక మాట, సలాతో అంటే ఎక్కువ చోట్ల పంది మాంసం ప్రొష్షుత్తో పెట్టిన శాండ్‌విచ్ వస్తుంది. నేపుల్స్ స్ఫోల్యతెల్లా లాంటి తీపి వాటిల్లో కూడా పాతకాలం పద్ధతిలో స్త్రుత్తో వేస్తారు, అంటే పంది కొవ్వు. "చె స్త్రుత్తో?", కొవ్వు ఉందా, అని అడిగితే చెప్తారు, అడగడానికి మొహమాటపడక్కర్లేదు. అలాగే ఎవరికైనా వండిపెట్టే పనిలో ఉన్నవాళ్ళు మొదటి రోజే అడగాల్సింది "ఎ అల్లేర్జికా ఆ క్వల్కోసా?", ఏదన్నా పడదా మీకు, మగవాళ్ళనైతే అల్లేర్జికో. యూరప్ రూల్ ప్రకారం హోటళ్ళు బార్లు 14 రకాల అలెర్జీ పదార్థాల గురించి కస్టమర్లకి చెప్పి తీరాలి, గోధుమ, పాలు, గుడ్లు, వేరుశనగ అన్నీ ఆ లిస్టులో ఉన్నాయి.

అన్నీ మన తెలుగులాగే ఉంటాయని అనడం లేదు నేను. ఇల్, లా, ఇ అనే చిన్న మాటలు చాలాసార్లు వస్తువు పేరు ముందు పెట్టాలి, మనకి ఆ అలవాటు లేదు, నేను ఇప్పటికీ తడబడతాను. మీరు అనే మాట కూడా తికమకే, గౌరవం కోసం మనం బహువచనం వాడితే వీళ్ళు లేయ్ అంటారు, అది నిజానికి ఆమె అనే మాట, మగవాడితో మాట్లాడినా అదే. 1938లో ముస్సొలినీ ప్రభుత్వం లేయ్ మానేసి వోయ్ అనమంది, వోయ్ అంటే మన మీరు లాగా బహువచనం, ఆ ప్రభుత్వం పోయాక లేయ్ మళ్ళీ వచ్చేసింది, నేపుల్స్ వైపు పెద్దవాళ్ళు మాత్రం ఇప్పటికీ వోయ్ అంటారు, అది అక్కడి పాత అలవాటు. కానీ ఎవరిని మీరు అనాలి, ఎవరిని నువ్వు అనొచ్చు అనే లెక్క మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లీష్‌లో అందరికీ ఒకే యూ కాబట్టి అటు నుంచి వచ్చినవాడు ముసలావిడని పట్టుకుని వువోయ్ అనేస్తాడు, నేనూ అన్నాను, అదే మొదట తెలుగులో అనుకుని ఉంటే ఆ మాట నా నోట వచ్చేది కాదు.

అందుకని నేను అడిగేది ఒక్కటే అండి. వచ్చే ఆదివారం ఆ పేజీ మళ్ళీ వేయండి, ఇంగ్లీష్ కాలమ్ తీసేసి ఇటాలియన్ మాట పక్కన సూటిగా తెలుగు మాట పెట్టండి. కోసా ప్రెందె, ఏం తీసుకుంటారు. ఆ ఫాత్తో కొలత్సియోనె, టిఫిన్ చేశారా. లె పియాచె, మీకు నచ్చుతుందా. లాత్తె ఎదురుగా పాలు అని పెద్ద అక్షరాలతో వేయండి. తప్పులు చూసి పెట్టడానికి నేను రెడీ, మా టీచర్‌ని కూడా అడిగి పంపిస్తాను, డబ్బులేం వద్దు.

మా సిన్యోరా పోయిన చలికాలం ఒక పొద్దున్న గిన్నె కింద పెట్టి "దామ్మి దెల్ తూ" అంది, ఇంక నన్ను నువ్వు అని పిలు అని. వీళ్ళ దగ్గర అలా పెద్దవాళ్ళు నోరు తెరిచి చెప్పడం అంటే మనిషిని ఇంట్లో కలుపుకున్నట్టే, నాకు చాలా సంతోషం వేసింది. అయినా ఎనభై దాటినావిడని నువ్వు అని ఎలా అంటానండి, నోరు రాలేదు. ఇవాళ పొద్దున్న కూడా లేయ్ అనే అడిగాను, "కోసా ప్రెందె, సిన్యోరా?" అని, ఏం చెప్తుందో తెలిసినా సరే. "లాత్తె ఎ ఓర్జో" అంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పెరూజా, ఇటలీ